విశ్వవిద్యాలయ వేదికపై పాఠశాల విద్యార్థులు

ఉన్నత పాఠశాలలో చదువుకొను బాలబాలికలు విశ్వవిద్యాలయపు సభామందిరమున నిలువబడి, తాము చేసిన పరిశోధనను ఆచార్యుల యెదుట వివరించుట మన దేశమున నేడు క్రొత్త విషయము కాదు. అయినను ఆ సభలలో నిజముగా జరుగునదేమో, దానివలన పిల్లలకు కలుగు మేలేమో తెలిసిన గృహస్థులు తక్కువ. బహుమతి వచ్చినదా, పత్రికలో ఛాయాచిత్రము పడినదా అని మాత్రమే మనము సాధారణముగా అడుగుచుందుము. అట్టి సభలకు విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లిన ఉపాధ్యాయులము గనుక, మేము చూచినదానిని శ్రోతలకు విన్నవింపగోరుచున్నాము.

భారత విజ్ఞాన మహాసభ 1914 జనవరిలో కలకత్తా నగరమున తొలిసారి సమావేశమయినది. అశుతోష్ ముఖర్జీ గారు దానికి అధ్యక్షులు. 105 మంది శాస్త్రజ్ఞులు హాజరు కాగా 35 పత్రములు చదువబడినవి. అది పెద్దల సభ. అమెరికా దేశమున 1942 నుండి ఉన్నత పాఠశాల విద్యార్థుల స్వతంత్ర పరిశోధనలకు జాతీయస్థాయి పోటీ ఏర్పడినది. 1958లో అచ్చటనే విద్యార్థులు విశ్వవిద్యాలయములందు పత్రములు చదువు సదస్సులు మొదలయినవి. మన దేశమున 1993లో జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు ఆరంభమయినది. 10 మొదలు 17 సంవత్సరముల వయస్సుగల పిల్లలు జట్టుగా ఏర్పడి, తమ పరిసరములలోని ఒక సమస్యను తీసికొని, ఒక పెద్దవారి మార్గదర్శకత్వమున పరిశీలనలు జరిపి, ఫలితములను మొదట జిల్లాలో, పిమ్మట రాష్ట్రములో, ఆపైన జాతీయ సభలో వినిపించుట దాని పద్ధతి. 2017 జనవరిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున 104వ భారత విజ్ఞాన మహాసభ జరిగినపుడు, దానితోపాటు బాలల సభయు జరిగినది.

ఇంత చిన్న వయస్సున పరిశోధన యేమిటని కొందరు నవ్వుదురు. చంద్రశేఖర వేంకట రామన్ గారి తొలి శాస్త్రపత్రము 1906లో ఇంగ్లండు దేశపు పత్రికలో అచ్చుపడినపుడు ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థి. వయస్సు 18 సంవత్సరములు. ఆయన బాల్యము గడచినది మన విశాఖపట్టణముననే. అందరును రామన్ గారు కాజాలరు, నిజమే. కాని ప్రకృతిని ప్రశ్నించుటకు పట్టా చేతికి వచ్చువరకు వేచియుండ నక్కరలేదని ఆయన జీవితమువలన మనకు తెలియుచున్నది.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. పాఠశాలలలో జరుగు సైన్సు ప్రదర్శనము వేరు, ఈ సదస్సు వేరు. అట్టముక్కలతో అగ్నిపర్వతమును కట్టి పొగ రప్పించుట ప్రదర్శనము. అందు ఫలితము ముందే తెలియును. పరిశోధనయందు జవాబు ముందుగా తెలియదు. తెలియనిదానిని తెలిసికొనుటకు ఏమి కొలువవలెను, ఎన్నిసార్లు కొలువవలెను, అనుకొన్నట్లు రానిచో నేమి చేయవలెను అనునవే అందలి చిక్కులు. మేము స్వయముగా ఎరిగిన ఒక ఉదాహరణమును చెప్పుదుము.

మా పాఠశాల సముద్రతీరమునకు చేరువలోని గ్రామమున నున్నది. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఇద్దరు బాలికలు ఒక వేసవిలో మంచినీటి కుండను పరిశోధన విషయముగా ఎన్నుకొనిరి. క్రొత్త కుండ నీరు చల్లగా నుండును, ప్రాత కుండ నీరు అంత చల్లగా నుండదు, కుండ క్రింద తడియిసుక పోసిన మరింత చల్లబడును అని యింటి పెద్దలు చెప్పుమాటలలో నిజమెంత యని తెలిసికొనుట వారి ఉద్దేశము. ఒక క్రొత్త కుండ, రెండు వేసవులు వాడిన ప్రాత కుండ, ఒక స్టీలు బిందె, రెండు ఉష్ణమాపకములు వారి పరికరములు. ఉష్ణమాపకములలో ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి యుంచిరి. గాలి పొడిగా నున్నకొలది ఈ తడిగుడ్డ ఉష్ణమాపకము తక్కువ అంకెను చూపును.

కుండ చల్లదనమునకు కారణము పాఠ్యపుస్తకములోనే యున్నది. మట్టి రంధ్రముల గుండ నీరు ఊరి, పైతలమున ఆవిరి యగుచు, లోని నీటినుండి వేడిని గ్రహించును. ఒక గ్రాము నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. బయటి వేడి లోనికి చొరబడదని భావించినచో, పది లీటర్ల నీరు 5 డిగ్రీలు చల్లబడుటకు 50,000 కేలరీలు పోవలెను. అందుకు ఆవిరి కావలసిన నీరు 86 గ్రాములు, అనగా చిన్న గ్లాసెడైనను కాదు. గాలిలో తేమ హెచ్చినచో ఆవిరి తగ్గును, చల్లదనమును తగ్గును. ఆ కారణముననే కుండనీరు తడిగుడ్డ ఉష్ణమాపకము చూపు అంకెకంటె దిగువకు పోజాలదు.

బాలికలు ముప్పది దినములు ప్రతి మధ్యాహ్నము మూడు గంటలకు కొలతలు తీసికొనిరి. పొడిగా పడమటి గాలి వీచిన దినములలో కుండ బాగుగా చల్లబడినది. సముద్రపు గాలి వీచిన దినములలో అంతగా చల్లబడలేదు. ప్రాత కుండ వెనుకబడినది. దాని పైతలమున ఏర్పడిన తెల్లని ఉప్పుపొరను వారు గీకి చూపి, మా బావినీటి లవణములు రంధ్రములను పూడ్చివేసినవేమో యని వ్రాసికొనిరి. తడియిసుకవలన వచ్చిన భేదము మాత్రము వారికి స్పష్టముగా కానరాలేదు.

గీతాపటము గీయునపుడు చిక్కు వచ్చినది. పదునేడవ నాటి అంకె లేదు. ఆనాడు ఒక బాలిక అక్కగారి పెండ్లి, ఇద్దరును మరచిరి. పరీక్షకుల యెదుట గీత తెగియున్న బాగుండదని తలచి, పదునారవ నాటి అంకెకును పదునెనిమిదవ నాటి అంకెకును నడుమ నుండు అంకెను వేయుడని మేమే చెప్పితిమి. ఆ మాట చెప్పినందుకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

“కొలవని రోజుకు అంకె ఎక్కడినుంచి వస్తుంది మాస్టారూ?” అని ఆ బాలిక అడిగినది. మాకు కొంచెము కోపము వచ్చిన మాట వాస్తవము. మీ యిష్టమని ఊరకుంటిమి. గీత తెగియే యుండెను.

ఆ పత్రము జిల్లాసభను దాటి, ఒక విశ్వవిద్యాలయమున జరిగిన రాష్ట్రసభకు ఎంపికయినది. పట్టణపు పాఠశాలలనుండి వచ్చిన పిల్లలు ఖరీదయిన పరికరములను తెచ్చిరి. కొందరు ఆంగ్లమున ధారాళముగా మాటలాడిరి. మా బాలికలు ఉష్ణమాపకములను, కుండపెంకును బల్లపై నుంచి, తమ ఊరి తెలుగులో విషయమును చెప్పిరి. మొదటి రెండు నిమిషములు గొంతు వణకినది. తరువాత కుదుటపడినది. అనంతరము ప్రశ్నల వంతు వచ్చినది. వృద్ధులయిన ఆచార్యులొకరు పటమువద్దకు వచ్చి వ్రేలు పెట్టి చూపిరి.

“ఇక్కడ గీత తెగిపోయిందేమమ్మా?”

“ఆ రోజు మా అక్క పెళ్లండి. మేం కొలవలేదు.”

“పోనీ, కొలిచి ఉంటే ఎంత వచ్చేదనుకుంటున్నావు?”

ఆమె కొంతసేపు ఆలోచించినది. “ఆ మధ్యాహ్నం జల్లు పడి పెళ్లిపందిరి తడిసిందండి. గాలిలో తేమ ఎక్కువై, కుండ అంతగా చల్లబడి ఉండదనుకుంటాను. కాని కొలవలేదు కనుక చెప్పలేమండి.”

“మంచిదమ్మా. అలాగే చెప్పాలి,” అని ఆయన తన స్థానమునకు వెళ్లిరి.

వెనుక వరుసలో కూర్చున్న మాకు అప్పుడు విషయము తట్టినది. పదునారవ నాడును పదునెనిమిదవ నాడును పడమటి గాలి వీచిన దినములే. మేము వేయుమన్న నడిమి అంకె, జల్లు పడిన దినమున కుండ బాగుగా చల్లబడినట్లు చూపియుండెడిది. తేమకును చల్లదనమునకును గల సంబంధమును నిరూపింపవలెనని ఆ పిల్లలు పడిన శ్రమకు అది విరుద్ధసాక్ష్యమయ్యెడిది. అన్నింటికంటె కష్టమేమనగా, అది అబద్ధమని ఎవ్వరికిని తెలిసియుండెడిది కాదు.

మరియొకరు ఇసుక సంగతి అడుగగా, “తెలియలేదండి, వచ్చే వేసవిలో మళ్లీ చూస్తాం” అని రెండవ బాలిక చెప్పినది. తెలియదని అంత పెద్ద సభలో చెప్పగల ధైర్యము మాకు ఆ వయస్సున లేదు.

జాతీయసభకు ఆ పత్రము ఎంపిక కాలేదు. తిరిగి వచ్చునపుడు బస్సులో బాలికలు కొంచెముసేపు చిన్నబోయి కూర్చుండిరి. పిమ్మట ఇసుకను ఎంత తడిపి, ఎన్నిసార్లు తడిపి చూడవలెనో తమలో తాము వాదించుకొనసాగిరి. నాటినుండి మా ప్రయోగశాల పుస్తకములలో ఒక నియమము పెట్టితిమి: కొలువని దినమునకు గడి ఖాళీగా విడువవలెను; ఎందుకు కొలువలేదో ప్రక్కన వ్రాయవలెను.

తల్లిదండ్రులకు మేము విన్నవించునది కొంచెమే. పిల్లల పరిశోధనను డబ్బిచ్చి ఇతరులచే చేయింపకుడు; మీరును చేసిపెట్టకుడు. వంటయింటి గిన్నెలు, పెరటిలో కొంచెము చోటు, ప్రతిదినము కొలుచుకొనుటకు కొంత తీరిక వారికి ఇండు. అనుకొన్నది రాకపోయిన కోపింపకుడు. సభనుండి తిరిగి వచ్చిన పిల్లవానిని బహుమతి యేదని అడుగుటకు ముందు, ఏమి కనుగొంటివి, అది నిజమని నీకెట్లు తెలిసినది అని అడుగుడు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెదకుకొనుట అలవడిన పిల్లలు ఏ వృత్తిలో స్థిరపడినను ఇతరులను మోసగింపరు, తాము మోసపోరు అని మా నమ్మకము.