జలసంధి దాటినది ఎవరు?



చైనా, తైవాన్ తగువు సంగతి చెప్పమని అడిగారు. మేము తెలుసుకున్నంత చెబుతాం.

అంతర్యుద్ధంలో కమ్యూనిస్టు పార్టీ చేతిలో ఓడిన కొమింటాంగ్ పార్టీ 1949లో తైవాన్ చేరింది. అక్కడ 1987 దాకా మార్షల్ లా, సమ్మెలు నిషేధం. అది ఎత్తేశాక 1988 మేడే నాడు రైలు డ్రైవర్లు మూకుమ్మడి సెలవు పెట్టి బళ్లు ఆపేశారు. చైనాలోనేమో 1982 రాజ్యాంగంలో సమ్మె హక్కు తీసేశారు. పార్టీ చెప్పుచేతల్లోని సమాఖ్య తప్ప వేరే యూనియన్ లేదు.

ఒకప్పుడు యుద్ధం చేసుకున్న ఆ రెండు పార్టీల నాయకులు 2005లో బీజింగులో చేతులు కలిపారు. తైవాన్ వేరు అనే డెమొక్రాటిక్ ప్రోగ్రెసివ్ పార్టీ 2016లో గద్దెనెక్కగానే బీజింగ్ అధికారిక చర్చలు ఆపేసింది. 2024లో ఆ పార్టీయే మళ్లీ అధ్యక్ష పదవి గెలిచింది, చట్టసభలో మాత్రం మెజారిటీ పోగొట్టుకుంది.

నాయకుల తగువు తెగకముందే తైవాన్ యజమానులు చవక కూలీ కోసం ఫ్యాక్టరీలు చైనాకు తరలించారు. 1996లో తైవాన్‌లో మూతపడ్డ ఒక బట్టల ఫ్యాక్టరీ కార్మికులు బకాయిల కోసం రైలు పట్టాల మీద పడుకున్నారు.

యజమాని జలసంధి దాటాడు. కార్మికుడి హక్కు దాటలేదు. అందుకే ఏ జెండా వారినైనా మనం అడగవలసింది ఒకటే: సొంత యూనియన్ పెట్టుకోనిస్తారా, సమ్మె చేయనిస్తారా?