భౌతికశాస్త్రం చేత అబద్ధపు సాక్ష్యం చెప్పించకండి

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన దాసుడు, అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



మహాపాపాలేవో తెలియజేస్తూ దైవప్రవక్త (సఅసం) మొదట షిర్క్‌ను, ఆ పిదప తల్లిదండ్రుల పట్ల అవిధేయతను పేర్కొన్నారు. అంతవరకు ఆనుకొని ఉన్నవారు లేచి నిటారుగా కూర్చొని అబద్ధపు సాక్ష్యాన్ని ప్రస్తావించారు. ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటను పదేపదే చెప్పారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసును మనం ఆస్తి తగాదాల వేళ, న్యాయస్థానాల వేళ గుర్తుచేసుకుంటాం. నేడు దీనిని పరమాణువుల లోకానికి తీసుకువెళ్తున్నాను. అందుకు కారణం నా తప్పే.

గత సంవత్సరం ఇదే స్థానం నుండి నేనొక మాట అన్నాను. మనిషి చూస్తే ఎలక్ట్రాన్ ఒక విధంగా, చూడకుంటే మరొక విధంగా ప్రవర్తిస్తుందని, కాబట్టి ఆత్మ ఉన్నదని క్వాంటం శాస్త్రమే రుజువు చేసిందని చెప్పాను. నా ఆధారమల్లా ఫోనులో వచ్చిన ఒక వీడియో. నమాజు ముగిశాక భౌతికశాస్త్రం చదువుతున్న ఒక యువకుడు వచ్చి సలాం చేసి, ఎవరికీ వినబడకుండా, "హజ్రత్, ఆ ప్రయోగంలో మనిషి చూడనక్కరలేదు. పరికరం ఉంటే చాలు" అన్నాడు.

ఆ ప్రయోగం నిజంగానే ఆశ్చర్యకరమైనది. 1989లో జపాన్‌లో టొనొమురా బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. వాటి ముందు రెండు దారులున్నాయి. ప్రతి ఎలక్ట్రాన్ తెరపై ఒక్క చుక్కగానే పడింది. ఆ చుక్క ఎక్కడ పడుతుందో ముందుగా చెప్పడం సాధ్యం కాలేదు. కాని వేల చుక్కలు చేరేసరికి నీటి అలలు కలిసినప్పటి వలె చారలు ఏర్పడ్డాయి. అది ఏ దారిన వెళ్లిందో నమోదు చేసే ఏర్పాటు ఉంటే ఆ చారలు నిలువవు. గదిలో ఒక్క మనిషీ లేకున్నా అంతే. ఇక్కడ 'పరిశీలన' అంటే కంటిచూపు కాదు. ఎలక్ట్రాన్ ఏదైనా ఒక వస్తువుపై తన జాడను విడిచిపోవడం. ఆత్మ సత్యం. దానిని మనం విశ్వసిస్తాం. కాని ఆ ఎలక్ట్రాన్ దానికి సాక్ష్యం చెప్పలేదు. చెప్పినట్లు ప్రకటించినవాణ్ణి నేను.

మరొక పక్షమూ ఉన్నది. కొందరు యువకులు నాతో, "అంతా యాదృచ్ఛికమని శాస్త్రం తేల్చింది, ఇక తఖ్దీర్ ఎక్కడిది?" అంటారు. థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131ను తీసుకోండి. ఎనిమిది దినాలకు దానిలో సగం క్షీణిస్తుంది. ఈ లెక్కను నమ్మే వైద్యులు మోతాదు నిర్ణయిస్తారు. అయితే ఫలానా కేంద్రకం నేడు క్షీణిస్తుందా, నెల తరువాతనా అంటే క్వాంటం సిద్ధాంతం సంభావ్యతను మాత్రమే ఇస్తుంది. ఐన్‌స్టీన్‌కు ఇది రుచించలేదు. 1927లో బ్రస్సెల్స్ సమావేశంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి నీల్స్ బోర్‌తో వాదించాడు. పాచికల ఉపమానంతో ఆయన చేసిన ఆక్షేపణను మనవారు ఒక విశ్వాసి పలుకుగా పంచుకుంటుంటారు. ఆయన భావించిన దేవుడు స్పినోజా దేవుడు. ప్రార్థన వినేవాడు, లెక్క అడిగేవాడు కాడు. ఇదీ అరువు తెచ్చుకున్న సాక్ష్యమే.

1964లో జాన్ బెల్ ఈ వివాదాన్ని ప్రయోగంతో పరీక్షించే మార్గం చూపాడు. క్లౌజర్, ఆస్పే, సైలింగర్ ఆ మార్గంలో చేసిన కృషికి 2022లో నోబెల్ బహుమతి లభించింది. జంట కణాల మధ్య కనిపించే పొందికను, ప్రతి కణమూ ముందే తన జవాబును దాచుకొని బయలుదేరిందనే సామాన్య వివరణతో సమర్థించలేమని తేలింది. అంతకు మించి తేలినదేమిటి? డేవిడ్ బోమ్ 1952లో ప్రతిపాదించిన సిద్ధాంతంలో అంతా నిర్ణీతమే. కాకుంటే దూరాన ఉన్న కణాలు తక్షణమే పరస్పర ప్రభావానికి లోనవుతాయి. ఎవరెట్ 1957లో చెప్పినది వేరు. ఒకే లెక్క, అనేక వ్యాఖ్యానాలు. మూలంలో ఉన్నది యాదృచ్ఛికతేనా అన్నది భౌతికశాస్త్రవేత్తల మధ్యనే తెగని ప్రశ్న. దానిని తెగినట్లు చూపి తఖ్దీర్‌ను కాదనడమూ అబద్ధపు సాక్ష్యమే.

ఇక మన పెద్దలు కొందరు, ఆ ఊహకందని ఖాళీలోనే అల్లాహ్ పనిచేస్తాడంటారు. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. మన మస్జిద్ గోడపై నమాజు వేళల పట్టిక వేలాడుతున్నది. సూర్యోదయం నిమిషంతో సహా లెక్కకు అందింది గనుక అది ఆయన ఆజ్ఞ కాకుండా పోయిందా?

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన 'తహాఫుతుల్ ఫలాసిఫా'లో నిప్పు, ప్రత్తి ఉదాహరణను చర్చించారు. నిప్పు తగలడానికి, ప్రత్తి కాలడానికి మధ్య అనివార్య బంధం లేదని, కాల్చేవాడు అల్లాహ్ అని ఆయన వాదం. దీనిని చూపి, ఆయన క్వాంటం శాస్త్రాన్ని ముందే చెప్పారంటున్నారు. ఆయన చెప్పలేదు. ఆయన మాట్లాడినది అనివార్యత గురించి, పరమాణువుల కొలతల గురించి కాదు. అదే గ్రంథపు ముందుమాటలో ఆయన మరొక విషయం హెచ్చరించారు. గ్రహణాల లెక్కలు గణితంతో స్థిరపడినవి. ధర్మం పేరిట వాటిని ఖండించేవాడు, ధర్మాన్ని ఎదిరించేవానికంటే దానికి ఎక్కువ హాని చేస్తాడని భావం. లెక్క తెలిసినవాడు లెక్కను అనుమానించడు, ధర్మాన్నే అనుమానిస్తాడు. నేను ఆనాడు తెలియని దానిని ఖండించలేదు, పొగిడాను. హాని మాత్రం అదే. ఆ యువకుడు నా మాట విని ధర్మంపై కాక నాపై మాత్రమే సందేహపడ్డాడు; అది అల్లాహ్ దయ.

పదిమందిలో అన్న తప్పును పదిమందిలోనే సరిదిద్దుకోవాలి. కనుక, సోదరులారా, గత సంవత్సరం నేను ఎలక్ట్రాన్ గురించి చెప్పిన మాటను ఉపసంహరించుకుంటున్నాను. అల్లాహ్ నన్ను క్షమించుగాక! ఆ వీడియోను నేను పంపిన మూడు గ్రూపులకూ నిన్న రాత్రి సవరణ పంపాను. నా నుండి అందుకొని ఇతరులకు పంపినవారు ఇక్కడ ఉంటే, దయచేసి దానినీ వారికి చేర్చండి.

సున్నతులు చదువుకోవలసినవారు చదువుకోండి. ఖుత్బా అజాన్‌కు సమయమవుతున్నది.