అద్దె కాగితంలో లేని పేరు
(విదేశాల్లో మన స్త్రీల సమస్యలపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల్లో ఇంటి యజమాని బాధ్యతల గురించి మాట్లాడమన్నారు. పరిశోధన పనిమీద లండన్‌లో ఉన్నప్పుడు ఈస్ట్‌హామ్‌లో పరిచయమైన ఒక స్త్రీతో మొదలుపెడతాను. గొడవపడి భర్త వెళ్ళిపోయాడు. అద్దె కాగితం అతని పేరు మీదే ఉంది. ఆమె అద్దె తీసుకెళితే యజమాని ముట్టుకోలేదు. ఆయనా తెలుగువాడే. "నాకు మీ ఆయన తెలుసుగానీ నువ్వెవరో తెలీదమ్మా, శనివారానికి ఖాళీ చెయ్యి" అన్నాడు. ఆమె ఖాళీ చేసింది. డాక్టరేటు ఉన్న నేను ఆమె సంచులు మోయడానికి సాయం వెళ్ళాను!

చట్టం ఆ యజమాని వైపు లేదని తర్వాత తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లో 1996 కుటుంబ చట్టం ప్రకారం, కాగితంలో పేరు లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది. ఆమె కట్టే అద్దె భర్త కట్టినట్టే లెక్క. కోర్టు ఉత్తర్వు లేకుండా వెళ్ళగొట్టడం 1977 చట్టం కింద నేరం. అయితే భర్త నోటీసిచ్చి అద్దె ఒప్పందాన్నే రద్దు చేసుకుంటే ఈ హక్కు నిలవడం కష్టం. యజమానితో కలిసి ఒకే వంటగది వాడుకునే చోట రక్షణ చాలా తక్కువ. అందుకే ఆలస్యం చెయ్యకుండా సలహా తీసుకోవాలి.

తక్కిన బాధ్యతలూ చూడండి. పైకప్పు, గోడలు, నీటి గొట్టాలు, హీటింగు మరమ్మతులు యజమానివే. ఒప్పందంలో మన మీదికి తోసేసినా చెల్లదు. గ్యాస్ పరికరాలు ఏటా తనిఖీ చేయించాలి. గోడకి చెమ్మ పడితే "మీ వంటల వల్లే" అని తప్పించుకోవడం మామూలే. కానీ ఇంటిని మనుషులు ఉండదగినట్టు ఉంచాలని 2018 చట్టం చెబుతోంది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపయితే డిపాజిట్ ఐదు వారాల అద్దెకి మించకూడదు. సాధారణంగా దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో భద్రపరచాలి.

మన దేశంలోనూ 2005 గృహహింస చట్టం, భర్త పేరున ఉన్న అద్దె ఇంట్లో భార్య నివసించే హక్కుని గుర్తించింది. అయినా ఇక్కడా అక్కడా ఇల్లంటే మగవాడి పేరే. యజమానికీ భర్తకీ మధ్య కుదిరిన మాటలో ఆమె ఎక్కడా లేదు.

కార్యకర్తలకి నా మనవి ఒక్కటే. పెళ్ళై విదేశం వెళ్ళే అమ్మాయికి పచ్చళ్ళు కట్టిచ్చేటప్పుడు ఈ మాటలూ చెప్పండి: అద్దె కాగితంలో నీ పేరు రాయించుకో. అద్దెకి రసీదు అడుగు. ఎవరైనా వెళ్ళిపొమ్మంటే, సంచి సర్దే ముందు స్థానిక కౌన్సిల్‌నో, 1979 నుంచి పనిచేస్తున్న సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ వంటి సంస్థనో అడుగు.

ఆరోజు ఆ సంచులు మొయ్యకుండా నేను చెప్పాల్సింది ఇదే.