సెలైన్ అయిపోతే చెప్పండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

విద్యుత్ శాఖ ఇంజనీరు గనక కరెంటు గురించి మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. కానీ ఈరోజు ఆసుపత్రిలో గడిపిన ఒక రాత్రి గురించి చెబుతాను. మన బడిలో చదివి నర్సులైన వాళ్లు ఈ సభలో ఉన్నారు. నేను తప్పు చెబితే వాళ్లే దిద్దాలి.

మూడేళ్ల కిందట మా నాన్నగారు బాత్‌రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రాత్రి ఆయన పక్కన నేనున్నాను. ఆ వార్డులో 28 మంచాలు. వాటన్నిటికీ ఒక స్టాఫ్ నర్సు, ఒక స్టూడెంట్ నర్సు, ఒక ఆయమ్మ. పదిన్నరకు సిస్టర్ వచ్చి సెలైన్ సీసా మార్చి, "అయిపోతే చెప్పండి సార్" అని వెళ్లింది.

నేను ఎంతో శ్రద్ధగా చూశాను. చుక్కలు కూడా లెక్కపెట్టాను. ఒంటిగంట దాటాక సీసా అయిపోవచ్చింది. వెళ్లి చెప్పాను. ఆవిడ 9వ మంచం దగ్గర ఉంది. స్టూడెంట్ అమ్మాయిని పంపి సెలైన్ ఆపించింది గానీ తను ఇరవై నిమిషాల దాకా రాలేదు. నాకు కోపం వచ్చింది. రెండుసార్లు గట్టిగానే పిలిచాను.

ఈలోగా నాన్నగారు ఏదో గొణుగుతున్నారు. ఎప్పుడో పోయిన మా మేనత్తను పేరు పెట్టి పిలుస్తున్నారు. ఊపిరి గబగబా తీస్తున్నారు. పెద్ద వయసు కదా, నిద్రలో కలవరింతలని అనుకున్నాను. దుప్పటి సరిచేసి మళ్లీ కూర్చున్నాను.

గమనించింది ఆయమ్మ. పక్క మంచం దుప్పటి మార్చడానికి వచ్చి నాన్నగారి వైపు చూసి, "బాబూ, సాయంత్రం పెద్దాయన నాతో శుభ్రంగా మాట్లాడాడు, మాది ఏ ఊరని అడిగాడు. ఇప్పుడిలా ఉన్నాడేంటి?" అంటూ సిస్టర్ దగ్గరికి పరిగెత్తింది.

సిస్టర్ వచ్చి సెలైన్ వైపు చూడనే లేదు. గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. 28. వేలికి ఆక్సీమీటర్ పెట్టింది. 86. స్టూడెంట్ అమ్మాయి చేత ఆక్సిజన్ మాస్కు తెప్పించి తనే పెట్టింది. తర్వాత ఆ అమ్మాయితో, "డ్యూటీ డాక్టరుకు ఫోన్ చెయ్యి. 17వ మంచం, తుంటి ఆపరేషనై రెండో రోజు, ఊపిరి 28, ఆక్సిజన్ 86, కొత్తగా తికమక, వెంటనే రావాలి అని చెప్పు. ఏదీ, ఏం చెబుతావో చెప్పు" అంది. ఆ అమ్మాయి తిరిగి అప్పజెప్పాకే పంపింది. ఆయమ్మతో, "9వ మంచం దగ్గర నిలబడు. ఆయాసం మళ్లీ ఎక్కువైనా, పిలిస్తే పలక్కపోయినా కేకెయ్యి. నువ్వు ఇంకేమీ చెయ్యొద్దు" అంది. తను మాత్రం నాన్నగారి దగ్గర నుంచి కదల్లేదు.

ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. ఐసీయూకి మార్చారు. తొమ్మిది రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. తెల్లారేదాకా అలాగే వదిలేసి ఉంటే కష్టమయ్యేదని డాక్టరుగారు చెప్పారు.

ఆ తొమ్మిది రోజులూ నన్ను ఒకటే తొలిచింది. నాకు అప్పగించింది సెలైన్ చూసే పని. నేను సెలైన్‌ను చూశాను. నాన్నను చూడలేదు.

మా శాఖలో లైను మీద పని చేయాలంటే ఎల్సీ, అంటే లైన్ క్లియర్ తీసుకోవాలి. సబ్‌స్టేషన్ ఆపరేటర్ ఫీడర్ ఆపి, ఎల్సీ తీసుకున్న మనిషి పేరు, టైము లాగ్ పుస్తకంలో రాస్తాడు. పని అయ్యాక అదే మనిషి రిటర్న్ చేస్తేనే మళ్లీ సరఫరా ఇవ్వాలి. ఇంకెవరో ఫోన్ చేసి "అయిపోయిందన్నా" అన్నారని స్విచ్ వేస్తే స్తంభం మీద ఉన్నవాడి ప్రాణం పోతుంది. పని ఎవరికి, ఏ హద్దు దాకా, ఎవరికి తిరిగి చెప్పాలి అనేది ముప్పై ఏళ్లుగా లైన్‌మన్లకు నేర్పుతున్నవాణ్ణి. ఆసుపత్రిలో మాత్రం ఒక్క ప్రశ్న అడగకుండా పని తీసుకున్నాను.

తర్వాత ఈ విషయం కొంత చదివాను. నర్సింగ్‌లో పని అప్పగించడానికి ఐదు సూత్రాలు నేర్పుతారు: సరైన పని, సరైన పరిస్థితి, సరైన వ్యక్తి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. దుప్పటి మార్చడం, ఒత్తిగిలిపడుకోబెట్టడం అప్పగించవచ్చు. రోగి పరిస్థితిని అంచనా కట్టే పని అప్పగించకూడదు. పని అప్పగించినా బాధ్యత నర్సుదే. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు. మనం ఉన్నప్పుడు జరిగే పని మనం లేనప్పుడూ జరిగేలా చూడకపోతే మిగతా శ్రమంతా వృథా అన్నది దాని సారం.

ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలన్నదానికీ ఒక వరుస ఉంది. ముందు శ్వాసమార్గం, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తప్రసరణ. ఆ ఇరవై నిమిషాలు ఆవిడ ఊపిరాడని మనిషి దగ్గర ఉంది. నేను సీసా కోసం కేకలేశాను. బ్రిటన్‌లో వైద్యుల రాయల్ కాలేజీ 2012లో ఒక హెచ్చరిక పట్టిక తెచ్చింది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, జ్వరం చూసి మార్కులు వేస్తారు. 2017లో దాన్ని సవరించి, కొత్తగా వచ్చిన తికమకను కూడా చేర్చారు. దానికొక్కదానికే 3 మార్కులు. ఊపిరి నిమిషానికి 25 గానీ అంతకు మించి గానీ ఉంటే మరో 3. ఏ ఒక్కదానికి 3 వచ్చినా వెంటనే చూడాలి. నేను కలవరింతలనుకున్నది అదే.

ఆ సిస్టర్‌ను నేను తప్పుపట్టను. 28 మంచాలను ఒక్కరికి అప్పగించినవాళ్లు జవాబు చెప్పాలి. మనుషులు చాలని చోట పక్కనున్న మనమే నర్సుకు కళ్లమవుతున్నాం. అందుకే మీకు ఒక మనవి. ఆసుపత్రిలో మనవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. "సిస్టర్, ఏం మార్పు కనిపిస్తే పిలవాలి? ఎవరిని పిలవాలి? నేను ఏది ముట్టుకోకూడదు?" మనిషి ఎప్పటిలా లేడనిపిస్తే, కారణం తెలియకపోయినా ఆ మాట చెప్పండి. ఆయమ్మ చెప్పింది ఆ ఒక్క మాటే.

మా సైన్సు మాస్టారు ల్యాబులో ఆసిడ్ సీసా చేతికిచ్చే ముందు "అర్థమైందా?" అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే అందరం తలూపేవాళ్లం. "నేనేం చెప్పానో నువ్వు చెప్పు" అనేవారు. చెప్పలేకపోతే సీసా ఇచ్చేవారు కాదు. ఆ రాత్రి సిస్టర్ ఆ అమ్మాయిని "ఏదీ, చెప్పు" అన్నప్పుడు నాకు మాస్టారి గొంతే వినిపించింది. ఈ బడి నాకు నేర్పిన పాఠాన్ని నేను మరిచిపోతే, ఎక్కడో చదువుకున్న ఒక నర్సు మా నాన్నగారి మంచం పక్కన గుర్తుచేసింది.

ఆవిడకు, ఆ ఆయమ్మకు, మన బడి నుంచి వెళ్లి రాత్రి డ్యూటీలు చేస్తున్న నర్సులందరికీ చేతులెత్తి నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.