గౌరవనీయులను నొక్క మాట
(ఖిల్లా ఘణపురమున పఠనమందిర సభలో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



ఈ యూరి దుర్గము కాకతీయులనాటిది. గోన వంశజుడైన గణపరెడ్డి దీనిని గట్టించెనని ప్రతీతి. ఆ గోన వంశమువారి పేర వెలసిన రంగనాథ రామాయణము ద్విపదలో నుండుటచేత చదువురాని వారి నోటను గూడ నిలిచినది. చెవికింపైన మాట యెంతకాలము బ్రదుకునో మీకు నేను వేరుగ జెప్పనక్కరలేదు. అట్టి మాట యెంత పని చేయగలదో, ఎంత కీడు చేయగలదో, నేడు మనవి చేయదలచితిని.

అందులకు షేక్‌స్పియరు మహాకవి 1599 ప్రాంతమున రచించిన 'జూలియసు సీజరు' అను విషాదాంత నాటకమునుండి యొక ప్రసంగమును గైకొందును. ఈ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. వావిలాల వాసుదేవశాస్త్రిగారు దీనిని 'సీజరు చరిత్రము' అను పేర 1876లోనే తేటగీతులలో దెనిగించిరి. అంత్యప్రాసలేని యాంగ్లపద్యమునకు మన దేశిఛందమును జోడుగా నెంచుకొనుట వారి వివేకమును జాటుచున్నది.

క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమునగరమున సీజరును బ్రూటసు మొదలగువారు పొడిచి చంపిరి. నాటకమున మూడవ యంకము రెండవ రంగమందు జనము కారణము చెప్పుడని కేకలు వేయుచున్నది. ముందుగా బ్రూటసు మాటాడును. అతడు వచనమున మాటాడును. వాక్యములు త్రాసుతో దూచినట్లుండును. కాని పరికింపుడు: సీజరునకు రాజ్యకాంక్ష కలదనుటకు అతడొక్క సాక్ష్యమైన జూపలేదు. తన గౌరవమును దలచి తన్ను నమ్ముడని మాత్రము కోరెను. అనగా గౌరవమను నాణెమును సభలో మొదట చెల్లించినవాడు బ్రూటసే. జనము మెచ్చి యతనినే సీజరును జేయుదమని యరచెను! రాచరికము వలదని చంపినవానికి రాచరికమిచ్చుటకు సిద్ధపడిన యా జనము, విన్నదేమో గాని గ్రహించినది మాత్రము లేదు.

పిదప ఆంటొనీ వచ్చును. అతనికి మాటాడుట కనుజ్ఞ యొసగుచు బ్రూటసు విధించిన నియమములు మూడు: తన తరువాతనే మాటాడవలెను, చంపినవారిని నిందింపరాదు, తమ యనుమతితోనే మాటాడుచున్నానని చెప్పవలెను. ఆంటొనీ పైకి వీనినెల్ల పాటించినవాడే. పద్యమున మాటాడును, మిత్రులారా యని మొదలిడును. నిందింపడు, పొగడును. బ్రూటసు గౌరవనీయుడనును. తోడనే సీజరు బందీలను దెచ్చి వారి విడుదల ధనముతో బొక్కసము నింపెననును.  బీదలేడ్చిన సీజరు కన్నీరు పెట్టెననును, మరల గౌరవనీయుడు. మూడుమారులు కిరీటమిచ్చిన మూడుమారులును త్రోసివేసెననును. మరల నదే మాట. మాట మారలేదు, దాని చుట్టు నున్న సంగతులు మారినవి. తొలిమారు మర్యాద, మలిమారు సందేహము, ఆపై ములుకు. తుదకు వారు ద్రోహులని యరచినది జనమే, ఆంటొనీ కాడు. సాక్షికి సమాధానమును సూచించు ప్రశ్నను న్యాయస్థానము లేల త్రోసివేయునో యిచ్చట దెలియును. తానే కనుగొంటినని సాక్షి తలచును. చెప్పించినవాడు చేతులు కడుగుకొనును.

ఇంతకంటె నిపుణమైన దింకొకటి కలదు. సీజరు పైవస్త్రమును బట్టి ఈ చినుగు కాసియసు పోటు, ఇది కాస్కా పోటు, ఇది బ్రూటసు పోటు అని వ్రేలితో జూపును. మహాశయులారా, ఆ వేళ నీతడెక్కడ నుండెను? పోట్లు పడకమునుపే ట్రెబోనియసు మాటలలో బెట్టి యితనిని దూరముగా గొనిపోయెను గదా! ప్రత్యక్షసాక్షి కానివాడు ఏ చినుగెవరిదో యెట్లు చెప్పగలడు? ఈ ప్రశ్న నడిగినవా డా సమూహమున నొక్కడును లేడు. మరణశాసనమును జూపి, చదువనని దాచి, బ్రతిమాలించుకొని చదివెను: పౌరునకు డెబ్బదియైదు ద్రాక్మాలు, విహారమునకు దోటలు. జనము పొంగిపోయెను. కాని నాలుగవ యంకము మొదటనే ఆ శాసనమును దెప్పించి, అందలి దానములను గొంత తగ్గించు నుపాయము చూచువాడును నీ యాంటొనీయే.

ఇక ఫలమేమి? ఆ ప్రసంగము ముగియగనే వీథిని బోవు సిన్నా యను కవిని, కుట్రదారులలో నొకని పేరే యితనికిని నుండుటచేత, జనము చీల్చివేసెను. తాను కవినని మొఱపెట్టినను వినలేదు.

ఇది రోమునకు మాత్రము చెందిన కథ యనుకొనకుడు. ఉద్యమదినములలో నేనును స్వచ్ఛందసేవకుడనై యొక గ్రామమున మాటాడితిని. ఈ ప్రసంగము నాకు కంఠస్థము. ఒక యధికారిని నేను నిందింపలేదు. పెద్దమనిషి, పెద్దమనిషి యని పదేపదే పొగడితిని. జనము నవ్వెను. నవ్వు క్రమముగా మారెను. ఆ రాత్రి, పైవారి యాజ్ఞకు లోబడి కాగితముపై సంతకము చేసిన యొక చిన్న గుమాస్తా యిల్లు చుట్టుముట్టి, అతనిని బిడ్డల యెదుట నవమానించిరి. మరునాడు క్షమాపణ కోరబోతిని. అతడు కోపింపలేదు. "మీరు నా పేరన్న ఎత్తలేదు వకీలు సాబ్, మరి వాళ్లు నా ఇంటికెందుకొచ్చిన్రు?" అని యడిగెను. ఇన్నేండ్ల వృత్తిలో నేను ప్రత్యుత్తర మీయలేని ప్రశ్న యదియొక్కటే.

1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడలేచినపుడు సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. మాటాడు హక్కునకై మన పెద్దలు పడిన పాటు సామాన్యము కాదు. ఆ హక్కు నేడు మనకు గలదు. దానితోడి విధి మిగిలియున్నది: వినుట. ఏ వేదికపై నెవరు మాటాడినను, నా పక్షమువాడే యైనను, నేనే యైనను, మూడు ప్రశ్నలు వేసికొనుడు. చెప్పినవాడు కన్నాడా? ఈ మాటనే మరల మరల నేల యనుచున్నాడు? ఇంటికి బోవుచు నేనెవరిపై కోపముతో బోవుచున్నాను, వాడేమి చేసెను? ఈ మూడవ ప్రశ్న నా జనములో నొక్కడడిగియుండిన, ఆ గుమాస్తా తన బిడ్డల యెదుట తలయెత్తుకొని యుండెడివాడు.