తాపీనది నీరు – సూరత్తు నేర్చిన పాఠము



సూరత్తు నగరమునకు జీవనాధారము తాపీనది. అది మధ్యప్రదేశమునందలి ముల్తాయి కడ పుట్టి, పడమరగా పారి, సూరత్తును దాటి అరేబియా సముద్రమున కలియుచున్నది. ఈ నగరమున మరమగ్గములపై జీవించు తెలుగు పద్మశాలి కుటుంబములు అనేకము కలవు. లింబాయత్ ప్రాంతమున వారి కుళాయిలకు వచ్చు నీరును ఈ నదిదే. కావున నది క్షేమమే వారి క్షేమము.

సముద్రము చేరువ యగుటచే పూర్వము పోటు సమయమున ఉప్పునీరు నదిలోనికి ఎదురెక్కెడిది. ఎగువన ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తియైనది. 1995లో సింగణపూరు కడ అడ్డుకట్ట ఏర్పడగా, ఉప్పునీరు దిగువనే ఆగి, మంచినీరు ఎగువన నిలువ చేరినది. ఆ నీటిని నగరపాలక సంస్థ తోడి, పటికతో తేర్చి, ఇసుకలో వడగట్టి, క్లోరిను కలిపి ఇంటింటికి పంపుచున్నది. అయితే కట్ట కట్టినంతనే చింత తీరలేదు. నిలిచిన నీట గుర్రపుడెక్క పెరిగినది, ఒండ్రు పేరినది, దిగువన వేసవిలో నది చిక్కిపోయినది. 2006 ఆగస్టు వరదలో నగరమున అధికభాగము మునిగినది. నది నీటిని తోడుకొనుటయే గాక, నది పారుటకు చోటు విడుచుటయు అవసరమని ఆ వరద తెలిపినది.

నీరు తెచ్చుట సగము పని. వాడిన నీటిని శుభ్రపరచి పంపుట తక్కిన సగము. ఈ పాఠమును సూరత్తు మిక్కిలి నష్టపడి నేర్చినది. 1994 సెప్టెంబరులో, వరద తీసిన పిదప, చెత్తయు మురుగును పేరుకొనియున్న వేళ ప్లేగు పొడసూపెను. పలువురు మరణించిరి, లక్షలాది ప్రజలు రైళ్లెక్కి ఊరు విడిచిరి. 1995లో నగర కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు అధికారులను కార్యాలయముల నుండి లేపి ప్రతిదినము వీధులలో నడిపించిరి. మురికివాడలలో బాటలు, కుళాయిలు, మరుగుదొడ్లు వెలసినవి.

పాండేసరాలోని అద్దకపు మిల్లులకు నీరు విస్తారముగా కావలెను. త్రాగునీటినే వానికిచ్చినచో పేదయింటి బిందెకు కొఱత యగును. అందుచే 2014లో బమ్రోలీ కడ ఒక కేంద్రమును నెలకొల్పిరి. దాని సామర్థ్యము దినమునకు 4 కోట్ల లీటర్లు. అచట నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, మిక్కిలి సన్నని పొరల గుండ మరల వడగట్టి, మిల్లులకు అమ్ముచున్నారు. నదిపై భారము ఆ మేరకు తగ్గినది. సంస్థకు రాబడియు కలిగినది.

ఇది వింతగా తోపవచ్చును గాని, తెలుగు ఇల్లాండ్రకు క్రొత్త కాదు. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితి తొట్టికిని, స్నానపు నీరు పెరటి అరటిపాదునకును చేరుట పల్లెలలో వాడుకయే గదా! సూరత్తు యంత్రములతో చేయుచున్నదియు ఆ పనియే. కారుచున్న కుళాయిని కట్టుట, కాలువలో చెత్త వేయకుండుట – ఈ రెండును ప్రతి గృహస్థుని చేతిలోనివి. ఒకరు వాడి విడిచిన నీరు వేరొకరి వాకిటికి చేరునని మరువని ఇండ్లున్న ఊరిలోనే నీటిశాఖవారి శ్రమ ఫలించును.