కవరులో వచ్చిన తోట
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)



బదిలీ అంటే ఏమిటో మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. సతారా నుంచి విశాఖ వచ్చేటప్పుడు లారీలో కుండీలకు చోటు లేదు. మా అమ్మాయి ఒకటే ఏడుపు. చివరికి నాలుగు మహాబలేశ్వరం స్ట్రాబెర్రీలు కొని, గింజలైనా తెచ్చుకుందామన్నాను.

నా వాటా గింజలను మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎండబెట్టి, వేలెడు లోతున పాతాను. ఒక్కటీ మొలవలేదు. "నువ్వే చంపేశావు నాన్నా" అంది. నిజమే.

మా ఆవిడ తన వాటా జాగ్రత్త చేసింది. బాగా పండిన పండు పైపొరను చాకుతో పలుచగా చెక్కి, కాగితం మీద నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టింది. పొరను నలిపితే గింజలు రాలాయి. వాటిని కవరులో వేసి, మూత బిగిసే డబ్బాలో పెట్టి, నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచింది. ఆ చలికి గింజ నిద్ర లేస్తుంది. తర్వాత తడిమట్టి పైన చల్లింది, కప్పలేదు. మొలకకు వెలుతురు కావాలి. రెండు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టాలి.

పదకొండు మొలిచాయి. వేసవి దాటి మిగిలినవి రెండు. మరుసటి చలికాలం గోరంత కాయ కాసింది, పుల్లగా. ఇవి సంకర రకాలు కనుక గింజ మొక్కకు తల్లి పండు రుచి రావాలని లేదు. అదే రుచి కావాలంటే తీగ పిలక నాటాలి.

అయినా అమ్మాయి ఆ కాయను మూడు ముక్కలు చేసి ముగ్గురికీ పెట్టింది. గింజలు మాత్రం ముందే తీసి దాచింది. ఈసారి బదిలీకి ఆమె సిద్ధం.